ఉత్తరమేరూరు చూచి వచ్చాము

కంచికి పోయి వచ్చేవారు మనలో చాలామంది వున్నారు. వరదరాజస్వామిని, కామాక్షమ్మను, ఏకామ్రనాథుని సేవించుకొని, పట్టుచీరల దుకాణంలో రెండు గంటలు బేరమాడి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకొంటారు. అక్కడినుండి మరి ముప్పై కిలోమీటర్లు దక్షిణంగా పోతే ఉత్తరమేరూరు అనే వూరున్నది. వూరి పాలన ఎట్లా జరగాలో ఆ వూరివారు వెయ్యేళ్ళకు పూర్వమే కోవెల గోడ మీద చెక్కించి పెట్టుకొన్నారు. బళ్ళో పాఠంగా చదువుకొన్న పిల్లలకు ఈ సంగతి తెలుసు గాని, పోయి కళ్ళారా చూచినవారు తక్కువ.

ఈ యేడు మా సంఘంవారి యాత్ర ఎక్కడికి అని ప్రశ్న వచ్చినప్పుడు ఒక పెద్దాయన అన్నారు గదా, "కోవెలలు చూచాము, జలపాతాలు చూచాము, సముద్రమా మన వాకిట్లోనే వున్నది. వూరు ఎట్లా నడవాలో చెప్పే వూరు ఒకటి చూద్దాము." అందరమూ సరేనన్నాము. రోజు కూడా ఆలోచించే పెట్టుకొన్నాము. అక్టోబరు 2 గాంధీ జయంతి. ఆనాడు తమిళనాడు పల్లెలన్నింటిలో గ్రామసభ కూడుతుంది. పాత సభ రాతిని, కొత్త సభ తీరును ఒక్కనాడే చూడవచ్చునని మా ఉద్దేశం.

తెల్లవారుజామున చెన్నపట్నంలో బయలుదేరి, కంచిలో ఇడ్లీ కాఫీ ముగించుకొని, పాలారు దాటాము. ఏరు పేరుకే పాలారు. మేము పోయిననాడు పాలూ లేవు, నీళ్ళూ అంతంతమాత్రమే. అయినా ఏటికి ఆవలి సీమ ఎండిన సీమ కాదు. దారి పొడుగునా చెరువులు. ఒక చెరువు కట్ట దిగీ దిగకముందే మరొక చెరువు కట్ట కనబడుతుంది. కట్టల మీద తాళ్ళు, కట్టల కింద వరిమళ్ళు. ఇది నదిని నమ్ముకొన్న సీమ కాదు, చెరువును నమ్ముకొన్న సీమ. చెరువు ఒక్కడి వల్ల నిలిచేది కాదు. కట్ట తెగితే అందరి పొలమూ మునుగుతుంది. పూడిక పేరుకొంటే అందరి పైరూ ఎండుతుంది. అంచేత ఇట్లాంటి చోట జనం కలిసి కూర్చుని మాట్లాడుకోక తప్పదు. ఉత్తరమేరూరి శాసనానికి అసలు మూలం ఈ చెరువుల్లోనే వున్నదని మాకు దారిలోనే తోచింది.

వూరు పల్లవరాజుల నాటిది. ఎనిమిదవ శతాబ్దంలో నందివర్మ పల్లవమల్లుని కాలంలో వేదవిదులైన బ్రాహ్మణులకు చతుర్వేదిమంగళంగా ఏర్పడిందని చెబుతారు. తరువాత చోళులు వచ్చారు. పదమూడవ శతాబ్దంలో తెలుగు చోళులు ఈ సీమను ఏలారు. విజయగండగోపాలుని పేరు మీద ఈ వూరికి గండగోపాల చతుర్వేదిమంగళమని కూడా ఒక పేరు వున్నదట. ఆ తరువాత విజయనగరం వారు. కాబట్టి తెలుగుమాట ఈ వూరికి కొత్తది కాదు.

సుందరవరదుని కోవెల పెద్దది. మూడంతస్తులలో స్వామి నిలుచుండీ, కూర్చుండీ, శయనించీ దర్శనమిస్తాడు. మెట్లెక్కలేని పెద్దవారిని కింద కూర్చోబెట్టి మేము పైకి పోయి వచ్చాము. అయితే మేము వచ్చిన పని అక్కడ కాదు. వూరి నడుమ వైకుంఠ పెరుమాళ్ కోవెల వున్నది. పురావస్తు శాఖవారి సంరక్షణలో వున్నది. ఆకాశాన్నంటే గోపురం కోసం చూచేవారికి నిరాశే. నలుచదరపు రాతి మండపం, రాతి అరుగు, గోడల మీద వరుసకు వరుసగా అక్షరాలు. పాత తమిళ లిపి. నడుమ నడుమ గ్రంథాక్షరాలు. మాలో తమిళం బాగా చదవగలవారు కూడా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవలసి వచ్చింది. ఆనాటి మహాసభ కూడినది ఈ మండపంలోనేనని చెబుతారు. అంటే, సభవారు తాము కూర్చునే చోటనే తమ నియమాలను రాతిమీద పెట్టుకొన్నారన్నమాట. తప్పిపోదామన్నా ఎదురుగా గోడ చూస్తూ వుంటుంది.

శాసనాలు ముఖ్యంగా రెండు. మొదటి పరాంతక చోళుని 12వ పాలనా వర్షంలో, అంటే క్రీ.శ. 919లో ఒకటి; 14వ వర్షంలో, అంటే 921లో రెండవది. వి. వెంకయ్యగారు 1904-05 పురావస్తు నివేదికలో వీటిని లోకానికి తెలియజెప్పారు. కె. ఎ. నీలకంఠశాస్త్రిగారు తమ చోళచరిత్ర గ్రంథాలలో విపులంగా చర్చించారు. శాస్త్రిగారు తిరునెల్వేలి సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1892లో జన్మించినవారని మన పాఠకులకు జ్ఞాపకం చేయడం అప్రస్తుతం కాదు.

ఇక శాసనంలోని సంగతి. వూరిని 30 కుడుంబులుగా, అంటే వార్డులుగా, పంచుకొన్నారు. ఒక్కొక్క కుడుంబు నుండి అర్హులైనవారి పేర్లు తాటాకు ముక్కల మీద వ్రాసి, కట్ట కట్టి, కుండలో వేస్తారు. దీనినే కుడవోలై అన్నారు. కుండ ఓలై, అంటే కుండలోని ఆకు. ఆ రోజు పిన్నలు పెద్దలు అందరూ సభలో వుండవలసినదే. కోవెల నంబులు అందరూ రావలసినదే. వారిలో వయసు మీరినాయన కుండను అందరికీ కనబడేటట్లు పైకెత్తి పట్టుకొంటాడు. లోపల ఏమున్నదో తెలియని పసివాడు చేయి పెట్టి ఒక ఆకు తీస్తాడు. దానిని అందుకొనే మధ్యస్థుడు అయిదు వేళ్ళూ విప్పి, అరచెయ్యి చాచి అందుకోవాలి! వేళ్ళ సందున మరొక ఆకు దాచుకొని రాకుండా ఈ కట్టుబాటు. అందుకొన్న పేరు పైకి చదవాలి. అక్కడున్న నంబులు అందరూ మళ్ళీ చదవాలి. అప్పుడే ఆ పేరు ఖాయం.

ఇట్లా వచ్చిన 30 మందిలో, విద్యలోను వయసులోను పెద్దవారై, ఇదివరకు తోట పని, చెరువు పని చూచిన 12 మంది సంవత్సర వారియం; మరి 12 మంది తోట వారియం; ఆరుగురు ఏరి వారియం, అంటే చెరువు సంఘం. వారియమంటే కమిటీ. గడువు 360 రోజులు. పైగా గత మూడేళ్ళలో ఒకసారి చేసినవారి పేరు కుండలో వేయనే కూడదు. పదవి పట్టుకొని వేలాడటానికి వీలు లేదు.

అర్హతలు చూడండి. పన్ను కట్టే భూమి పావు వేలికి పైగా వుండాలి. తన సొంత స్థలంలో కట్టుకొన్న ఇల్లుండాలి. వయసు 35కు పైన, 70కి లోపు. వేదం చదివి వుండాలి. చదువు ఎక్కువ వున్నవానికి భూమి కొంత తక్కువైనా సరే. 919 నాటి నియమంలో వయసు 30కి పైన, 60కి లోపు అని వున్నది; రెండేళ్ళకే మార్చారు. రాజుగారి ఆజ్ఞ వచ్చింది, రాజోద్యోగి వచ్చి సభలో కూర్చున్నాడు, నిజమే. కాని తీర్మానం మాత్రం సభవారు తమ నోటితో చెప్పినట్లే వ్రాసుకొన్నారు. నియమంలో లోటు కనబడితే రెండేళ్ళలో దిద్దుకొన్నారు. రాతిమీద చెక్కినదైనా సరే, తప్పయితే మార్చుకోవలసిందే!

మాకు అన్నిటికంటె ఎక్కువగా నచ్చింది అనర్హతల జాబితా. పరధనం అపహరించినవాడు పనికిరాడు. అది ఎవరైనా వ్రాస్తారు. కాని అంతకు ముందు వున్నది ఇది: ఇదివరలో ఏదైనా వారియంలో వుండి లెక్క చూపనివాడు పనికిరాడు. వాడొక్కడే కాదు. వాడి తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులు, మేనత్త కొడుకు, మేనమామ, మామగారు, అల్లుడు, బావమరిది - వీరెవ్వరి పేరూ కుండలో పడదు. ఒకడు లెక్క ఎగవేస్తే బంధువర్గమంతా బయట నిలబడాలి. ఇది చదివి వినిపించగానే మాలో ఒక పెద్దమ్మ నవ్వి, "అట్లాగయితే లెక్క చెప్పమని ఇంట్లోవాళ్ళే వాడి మెడలు వంచుతారు" అన్నది. చట్టం వ్రాసినవారి ఉద్దేశం కూడా అదే అయివుంటుంది.

ఇంత మెచ్చుకొన్న తరువాత రెండవ మాట కూడా చెప్పుకోవాలి. ఆ కుండలో ఎవరి పేర్లు పడ్డాయి? భూమి వున్న, వేదం చదివిన, బ్రాహ్మణ పురుషుల పేర్లు మాత్రమే. ఆ చెరువు నీళ్ళతో మడి దున్నినవాని పేరు లేదు. పూడిక తట్ట నెత్తిన పెట్టుకొన్న ఆడమనిషి పేరు లేదు. వూరి బయట వుంచబడినవాని పేరు అసలే లేదు. కుండ మంచిదే, పసివాడి చెయ్యి మంచిదే, మధ్యస్థుని అరచెయ్యి మంచిదే. కాని ఆకులు కొద్ది. మండపం నీడలో నిలబడి దీనిని మరచిపోవడం సులభం, కాని న్యాయం కాదు.

పదిన్నరకు అక్కడినుండి బయలుదేరాము. ఉత్తరమేరూరు ఇప్పుడు పట్టణ పంచాయతి. అందువల్ల గ్రామసభ అనేది శాసనం వున్న ఆ వూళ్ళో కూడదు. చుట్టుపట్ల పల్లెల్లో కూడుతుంది. తెలిసినవారి ద్వారా ఒక పల్లెకు కబురు పెట్టి వుంచాము. బస్సులో మా పెద్దాయన పిల్లలకు ప్రకాశంగారి కథ చెప్పారు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయినప్పుడు ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు. ఫిర్కా అంటే కొన్ని గ్రామాల కూటమి. బావులు, బాటలు, బడులు, చేతిపనులు పల్లెను ఆధారం చేసుకొని పైకి రావాలని ఆయన తలపు. పదవి ఏడాది కూడా నిలవలేదు గాని పట్టుదల నిలిచింది. రాజ్యాంగ సభలో మొదట వచ్చిన ముసాయిదాలో గ్రామ పంచాయతులకు చోటే లేదు. 1948 నవంబరు 4న డాక్టరు అంబేడ్కరుగారు పల్లెను పొగిడేవారిని గట్టిగా మందలించారు. పల్లె అంటే సంకుచితత్వం, అజ్ఞానం, కులం కరడుగట్టిన చోటని ఆయన అభిప్రాయం. ఆ పల్లెల్లో వూరి వెలుపల బ్రతికిన జనం తరఫున పలికిన మాట అది, తోసివేయదగినది కాదు. నవంబరు 22న కె. సంతానంగారు పంచాయతుల సవరణ తెచ్చారు. ప్రకాశంగారు నిండు మనసుతో బలపరచారు. అంబేడ్కరుగారు అంగీకరించారు. అదే రాజ్యాంగంలో 40వ అధికరణం.

దానికి చేవ రావడానికి మరి నలభై నాలుగేళ్ళు పట్టింది. 1992లో ఆమోదం పొంది, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభను రాజ్యాంగంలోకి తెచ్చింది. ఇప్పుడు వేదం అక్కరలేదు, పావు వేలి భూమి అక్కరలేదు. ఆ వూరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ సభ్యులే. ఎన్నికైన స్థానాలలో దళితులకు, గిరిజనులకు వారి వంతు. స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండా. తమిళనాడులో 2016 చట్టం స్త్రీల వంతును సగం చేసింది. అంబేడ్కరుగారి ఆక్షేపణకూ, ప్రకాశంగారి ఆశకూ కలిపి ఇచ్చిన జవాబు ఇదే అనుకోవచ్చును.

మేము చేరేసరికి బడి ఆవరణలో పందిరి వేసి వున్నది. మేము ఆ వూరి ఓటర్లం కాము గనుక మాట్లాడే హక్కు లేదు. వెనక బల్లల మీద కూర్చోనిచ్చారు. ముందు సంతకాల పుస్తకం తిరిగింది. మూడు వేల లోపు జనాభా వున్న పల్లె అది. 100 మంది లేనిదే సభ సాగదు. లెక్కకు పది పదిహేను మంది తక్కువైతే కుర్రవాళ్ళు వీధుల్లోకి పోయి పిలుచుకొని వచ్చారు. సగానికి పైగా ఆడవారే. కార్యదర్శి నిలబడి వరవు, ఖర్చు చదివాడు. గొంతు వేగం చూస్తే వినవద్దన్నట్లే వున్నది. "మెల్లగా చదవండయ్యా" అని ఒక ముసలాయన అరిచాడు. మెల్లగా చదివాడు. వీధి దీపాలకు ఇంతా అని ఒకరు, మోటారు బాగుచేయడానికి రెండుసార్లు డబ్బు ఎందుకు వేశారని ఒకరు. కొన్నిటికి జవాబు వచ్చింది. ఒకటి రెండింటికి "చూచి చెబుతాను" అన్నాడు.

తరువాత వచ్చే సంవత్సరపు పనుల పట్టిక. మొదటిది పెద్దవీధికి సిమెంటు బాట. రెండవది నీళ్ళ ట్యాంకు మరమ్మతు. మూడవది దీపాలు. ఇంకా ఎవరైనా చెప్పేది వున్నదా అనగానే మధ్య వరుసలో ఒకావిడ లేచింది. అరవై దాటి వుంటాయి. ముతక చీర, చేతిలో సంచి. తమిళంలోనే మాట్లాడింది. తమ వీధి వెనకగా చెరువుకు పోయే వరవు కాలువ సీమతుమ్మతోను, చెత్తతోను మూసుకుపోయిందనీ, ముసురు పట్టిందంటే నీళ్ళు చెరువుకు పోక ఇళ్ళలోకి వస్తున్నాయనీ చెప్పింది.

"మూడేళ్ళుగా ఎవరూ అడగలేదే, అమ్మా" అన్నాడు కార్యదర్శి.

"మేము రాలేదు, నిజమే. నీళ్ళు మాత్రం ప్రతి యేడూ వస్తున్నాయి గదా" అన్నదావిడ.

సభంతా నవ్వింది. కాని పెద్దవీధి ఆయన ఒకరు నవ్వలేదు. వున్న డబ్బు రెండింటికీ చాలదు, బాట మొదట కానివ్వండి, కాలువ మరుసటి యేడు చూద్దాము అన్నాడు. ఆయన చెప్పినదీ అబద్ధం కాదు. ఆ వీధిలో గుంటలు మేమూ చూచాము. అప్పుడు కాలనీ నుండి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు లేచి, ఆ కాలువే తమ ఇళ్ళ వెనకనుండీ పోతున్నదనీ, నిరుడు పిల్లలకు జ్వరాలు వచ్చాయనీ చెప్పారు. చెరువు కింద మడి వున్న రైతు ఒకడు, కాలువ తెరవకపోతే చెరువు నిండదు, నిండకపోతే బాట మీద నడిచి ఎక్కడికి పోతాము అన్నాడు. అరగంట వాదం జరిగింది. చివరకు బాట పొడవు సగానికి తగ్గించి, కాలువ పూడిక పట్టికలో రెండవదిగా వ్రాశారు. తీర్మానం చదివారు. పెద్దవీధి ఆయన ముఖం ముడుచుకొనే సంతకం పెట్టాడు. ఆయన వీధి సగంలో మట్టిదారి మిగిలే వుంటుంది. ఒకరి బాట తగ్గి మరొకరి కాలువ తెరచుకోవడం నలుగురి ఎదుట జరిగినందువల్లనే ఆయన సంతకం పెట్టగలిగాడని మాకు తోచింది. ఎక్కడో గదిలో కూర్చుని తగ్గించి వుంటే పగ మిగిలేది.

సభ ముగిశాక ఆవిడ మా మాటలు విని దగ్గరకు వచ్చింది. "మీరూ తెలుగోళ్ళేనా? యాడనుంచి వస్తా వుండారమ్మా?" అన్నది. ఆ పలుకులో అరవపు యాస, మన నుడికారం పాలూ నీళ్ళలాగా కలిసిపోయి వున్నాయి. తమ వీధంతా మనవారేనట. ఏ తరంలో వచ్చారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

"నిరుడు దాకా మా వీధోళ్ళు ఈ కూట్టానికి వచ్చేది లే, అమ్మా. అది వాళ్ళ కూట్టం, మనకేమి అనేవాళ్ళు. ఓటు వేసేది, ఇంటికి పొయ్యేది. నడిమింట్లో నీళ్ళొచ్చినాక మా కోడలు అడిగింది, అత్తా, వూరు వాళ్ళదైతే నీళ్ళు మనింటికెందుకు వచ్చినాయి అని. ఆ మాటకు నా కాడ జవాబు లే. అందుకే వచ్చినా."

"పని జరుగుతుందంటారా?" అని అడిగాము.

"జరిగేది జరగనిది వచ్చే లెక్కనాడు తెలుస్తాది. ఆ పొద్దు కూడా వస్తా, వీధినంతా పిలుచుకోని వస్తా" అని సంచి సర్దుకొని వెళ్ళింది.

సాయంకాలం తిరిగి ఉత్తరమేరూరు వచ్చి చెరువు చూచాము. వైరమేఘ తటాకమని దాని పాత పేరు. పల్లవ దంతివర్మ బిరుదు మీద వచ్చిన పేరని చెబుతారు. శాసనంలోని ఆరుగురు ఏరి వారియంవారు కాపాడిన చెరువు ఇదే. పూడిక తీయడానికి దాతలు బంగారమిచ్చిన దాన శాసనాలు కూడా ఈ వూళ్ళో వున్నాయి. కట్ట మీద గాలి చల్లగా వున్నది. వెయ్యేళ్ళనాడు వేదపండితులు ఆరుగురు ఈ కట్ట మీద నడిచి, ఎక్కడ గండి పడనున్నదో, ఎక్కడ తూము మూసుకొన్నదో చూచి వుంటారు. ఇంకా ఇక్కడ నీళ్ళు నిలుస్తున్నాయంటే, ఆ తరువాత పేరు లేని వేలమంది తట్టలు మోశారన్నమాట. ఈనాడు ఆ తట్ట మోసినవారి మనుమరాలు సభలో లేచి నిలబడి, ఏ పని ముందో ఏ పని వెనకో చెప్పవచ్చు. ఉత్తరమేరూరు రాయి మీద లేని సంగతి ఇది.

మన పత్రిక చదివేవారు ఒక్క రాష్ట్రంలో లేరు. అంచేత తక్కిన చోట్ల మాట కూడా రెండు ముక్కలు చెబుతాము. కన్నడదేశంలో గ్రామసభకు ముందు వార్డు సభ కూడుతుంది; మీ వీధి సంగతి చెప్పుకోవలసిన చోటు అది. మహారాష్ట్రలో గ్రామసభకు ముందుగా స్త్రీలకు వేరే సభ వుంటుంది. అక్కడే అహ్మద్‌నగర్ జిల్లాలో, ఇప్పటి అహిల్యానగర్‌లో, హివరే బజార్ అనే కరువు పల్లె వున్నది. ప్రతి సంవత్సరం వాన ఎంత పడ్డదో కొలిచి, వూరివారంతా సభలో కూర్చుని ఈ యేడు ఏ పంట వేయవచ్చునో, ఏది వేయకూడదో నిర్ణయించుకొంటారు. నీళ్ళు ఎక్కువ తాగే చెరకును వద్దని తమకు తామే కట్టుబాటు చేసుకొన్నారు. ఒరిస్సాలో ఒక్కొక్క పల్లెకు పల్లిసభ వున్నది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు నియమగిరి కొండవాలులో 12 పల్లిసభలు కూడాయి. కొండలో బాక్సైటు గని తవ్వవచ్చునా అని అడిగితే, పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది.

యానాం సోదరులకు ఈ భాగ్యం అంత సులువుగా దొరకలేదు. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తరువాత 38 ఏళ్ళకు, 2006లో, స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ గడువు 2011లో ముగిశాక మళ్ళీ ఏళ్ళ తరబడి ఎన్నికలు లేవు. వున్న సభకు పోని మనం, లేని సభ కోసం ఎదురుచూచేవారి మాట ఒకసారి తలచుకోవాలి. పట్టణాలలో వుండేవారికి 74వ సవరణ కింద వార్డు కమిటీలు వున్నాయి. తమిళనాడులో 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏరియా సభలు కూడా వచ్చాయి. మన వీధిలో మురుగుకాలువ, మంచినీళ్ళు, పార్కు, దీపం అక్కడ మాట్లాడుకోవలసినవే.

మన సంఘాలు మంచి సంఘాలు. ఉగాదికి పచ్చడి, త్యాగరాజ ఉత్సవం, పిల్లలకు తెలుగు తరగతులు, పేద విద్యార్థికి పుస్తకాలు - వీటన్నిటి వల్లనే వంద రెండువందల యేళ్ళుగా భాష నిలిచింది. కాని భాష ఇంట్లో నిలిచినంత మాత్రాన కాళ్ళు వూళ్ళో నిలిచినట్లు కాదు. "మనం వచ్చి చేరినవాళ్ళం" అనే మాట మొదటి తరానికి మర్యాద. అయిదవ తరానికి అది వట్టి సోమరితనం. పన్ను కడుతున్నాము, ఓటు వేస్తున్నాము, చచ్చిపోతే ఈ మట్టిలోనే కలుస్తున్నాము. సభకు మాత్రం పొరుగువాణ్ణి పంపితే, పొరుగువాడు తన బాట సంగతి చూచుకోవడంలో తప్పేమున్నది? సభలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒరియాయో మాట్లాడినందువల్ల తెలుగు తరిగిపోదు. ఆ పల్లెలో ఆవిడ తమిళంలో అడిగి, తెలుగులో మాకు కథ చెప్పింది. రెండు భాషలూ ఆమెకు అక్కరకు వచ్చాయి.

తమిళనాడులో గ్రామసభ రోజులు ఆరు: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. ఇతర రాష్ట్రాలవారు తమ పంచాయతి కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. సంఘం కేలండరులో ఉగాది పక్కన, సంక్రాంతి పక్కన ఈ తేదీలు కూడా ఎర్ర అక్షరాలలో వేయించాలని మా యాత్ర ముగించుకొని వస్తూ బస్సులోనే తీర్మానించాము. ఒక్కొక్క కుటుంబం నుండి ఒక్కరు పోయినా చాలు. పోయి, పనుల పట్టిక చదివించుకోండి, తమ వీధి పేరు వున్నదో లేదో చూడండి, లేకపోతే అడగండి. మరుసటిసారి పోయి లెక్క అడగండి. లెక్క అడగడం విరోధం కాదు, వూరి మీది మమకారం. ఉత్తరమేరూరువారు దానిని రాతిమీద వ్రాసుకొన్నారు. మనకు నోటితో అడిగితే చాలు.